క్రియాటినిన్ నార్మల్ అంటే కిడ్నీలు బాగున్నట్టేనా? కిడ్నీల పని, పాడయ్యే దారులు

చదువరి
రిపోర్టులో క్రియాటినిన్ 1.2 అని, పక్కనే నార్మల్ అని ఉంటుంది. చాలామంది అక్కడితో కిడ్నీల మాట వదిలేస్తారు. ఆ అంకె అసలు దేన్ని కొలుస్తుంది? కిడ్నీ లోపల జరిగేది తెలియకుండా రిపోర్టు చదవడం కుదరదనిపిస్తోంది. ఈ రంగంలో ఉన్నవారు మొదటి నుంచీ వివరంగా రాయండి. షుగర్, బీపీ, నొప్పి మాత్రలు, రాళ్లు, నీళ్లు తాగడం అన్నీ ఇక్కడే మాట్లాడుకుందాం.

నెఫ్రాన్
మంచి ప్రశ్న. ముందు లోపలి పని చెబుతాను, రిపోర్టు సంగతి ల్యాబ్‌బల్ల గారు చూసుకుంటారు.

ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడగట్టే అతిచిన్న భాగాలు, అంటే నెఫ్రాన్లు, సుమారు 10 లక్షలు ఉంటాయి. ఈ సంఖ్య మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవారికి మొదటి నుంచీ తక్కువే. తల్లి కడుపులో 36 వారాలు వచ్చేసరికి వీటి తయారీ ఆగిపోతుంది. ఆ తర్వాత ఒకటి పోతే దాని చోట కొత్తది పుట్టదు. మిగతా చర్చంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

నెఫ్రాన్ మొదట్లో గ్లొమెరులస్ అనే సన్నని రక్తనాళాల చుట్ట, దాని వెంట ఒక పొడవాటి గొట్టం ఉంటాయి. గుండె పంపే రక్తంలో ఐదో వంతు, నిమిషానికి లీటరు పైచిలుకు, కిడ్నీలకే పోతుంది. అందులోంచి నిమిషానికి 120 మిల్లీలీటర్ల దాకా నీరు వడగట్టుకుని గొట్టంలోకి దిగుతుంది. రోజుకు లెక్కేస్తే 170 నుంచి 180 లీటర్లు. మనం విసర్జించేది ఒకటి, రెండు లీటర్లు. మిగతాదంతా గొట్టం వెనక్కి లాగేసుకుంటుంది. కిడ్నీకి ఆక్సిజన్ ఖర్చయ్యేది ముఖ్యంగా ఈ వెనక్కి లాగే పనిలోనే. అందుకే బీపీ బాగా పడిపోయి రక్తం అందనప్పుడు ముందు చచ్చేవి గొట్టం కణాలు.

గొట్టం తొలి భాగం సోడియం, నీటిలో మూడింట రెండు వంతుల దాకా, గ్లూకోజ్ దాదాపు మొత్తం తిరిగి తీసుకుంటుంది. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే దాని శక్తి చాలక మూత్రంలో చక్కెర కనిపిస్తుంది. తర్వాత హెన్లీ వంపు మరో పాతిక శాతం సోడియాన్ని లాగుతుంది. చివరి భాగంలో ఆల్డోస్టెరోన్ హార్మోన్ సోడియాన్ని ఉంచి పొటాషియాన్ని బయటికి నెడుతుంది, ఏడీహెచ్ హార్మోన్ ఎంత నీరు దాచుకోవాలో తేలుస్తుంది.

వడపోత జరిగేది ఒత్తిడి వల్ల. గ్లొమెరులస్‌కి రక్తం తెచ్చే చిన్న ధమని ఒకటి, తీసుకుపోయే ధమని ఒకటి. వీటిని ముందు కుళాయి, వెనక కుళాయి అనుకోండి. ముందుది తెరిచి వెనకది బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి వడపోత పెరుగుతుంది. ముందుది బిగిసి వెనకది వదులైతే వడపోత పడిపోతుంది. షుగర్ చేసే హానీ, నొప్పి మాత్రల హానీ, బీపీ మందుల మేలూ అన్నీ ఈ రెండు కుళాయిల దగ్గరే తేలతాయి.

ఇవిగాక ఎముక మజ్జను ఎర్రకణాలు తయారుచేయమనే ఎరిత్రోపోయిటిన్, బీపీని నడిపే రెనిన్ కిడ్నీలోనే పుడతాయి. విటమిన్ డి చివరి మెట్టు ఇక్కడే ఎక్కి పనికొచ్చే రూపానికి వస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరితే రక్తహీనత, ఎముకల బలహీనత, లొంగని బీపీ ఒకేసారి కనిపించడానికి కారణం ఇదే.

ల్యాబ్‌బల్ల
క్రియాటినిన్ కండరాల్లో పుట్టే వ్యర్థం. ఒక మనిషిలో రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తయారవుతుంది, ఎక్కువ భాగం గ్లొమెరులస్ ద్వారా పోతుంది. వడపోత తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. అయితే రెండూ సరళరేఖలా నడవవు. వడపోత సగమైతే క్రియాటినిన్ రెట్టింపవుతుంది. మొదట్లో 0.6 ఉన్న మనిషికి వడపోత సగానికి పడిపోయినా అంకె 1.2 దగ్గరే ఉంటుంది. చాలా ల్యాబుల్లో అది నార్మల్ గీత లోపలే.

కండ ఎక్కువున్నవారికి సహజంగానే ఎక్కువ, బక్కపలచని పెద్దవారికి తక్కువ. అందుకే వయసు, ఆడ, మగ కలిపి, కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయో అంచనా వేసే ఈజీఎఫ్‌ఆర్ లెక్కకడతారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 2021 సీకేడీ-ఈపీఐ సూత్రం. అదే 1.2 ని అందులో వేసి చూడండి. 25 ఏళ్ల యువకుడికి 86 వస్తుంది. 70 ఏళ్ల స్త్రీకి 49 వస్తుంది. అంకె ఒకటే, కిడ్నీల స్థితి మాత్రం ఎక్కడికక్కడ వేరు.

ఈజీఎఫ్‌ఆర్ 90 పైన మొదటి దశ, 60 నుంచి 89 రెండు, 45 నుంచి 59 మూడు-ఏ, 30 నుంచి 44 మూడు-బీ, 15 నుంచి 29 నాలుగు, 15 లోపు ఐదు. మొదటి రెండు దశలను జబ్బు అనాలంటే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం లాంటి మరో ఆధారం తోడుండాలి. మూడు నెలలకు పైగా నిలిస్తేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఒక్క పరీక్ష చూసి దశ రాసేయకూడదు.

లెక్క తప్పే సందర్భాలూ ఉన్నాయి. పరీక్షకు ముందు మాంసం బాగా తినడం, వ్యాయామం చేసేవారు వాడే క్రియాటిన్ పొడి, ట్రైమెథోప్రిమ్ కలిసిన యాంటీబయాటిక్ అంకెను పెంచుతాయి. ఇందులో చివరిది వడపోతను తగ్గించకుండానే క్రియాటినిన్ బయటికి పోకుండా అడ్డుకుంటుంది. కాలు తీసేసినవారికి, కండ కరిగినవారికి అంకె మోసపూరితంగా తక్కువ చూపుతుంది. ఇలాంటివారికి సిస్టాటిన్-సి పరీక్ష చేయించడం మేలు, అది కండ మీద పెద్దగా ఆధారపడదు.

చదువరి
అయితే 49 అంటే నెఫ్రాన్లలో సగం మిగిలాయనేనా?

నెఫ్రాన్
అలా అనుకుంటే పొరబడతాం. వడపోత మొత్తం సుమారు సగముంది అని మాత్రమే అర్థం. నెఫ్రాన్లు అంతకన్నా ఎక్కువే పోయి ఉండొచ్చు, ఎందుకంటే మిగిలినవి తమ ముందు కుళాయి బాగా తెరిచి ఒక్కొక్కటీ అదనంగా వడపోస్తాయి. కొంతకాలం అంకె నిలబడుతుంది. కానీ ఆ అదనపు ఒత్తిడికి వడపోత పొర మీది పోడోసైట్ కణాలు రాలిపోతాయి, గ్లొమెరులస్ మచ్చకట్టి మూసుకుపోతుంది, భారం ఇంకొన్నిటి మీద పడుతుంది. మొదటి దెబ్బ కొట్టిన కారణం పోయినా కొందరిలో జబ్బు తనంతట తాను నడవడానికి మూలం ఇదే.

షుగర్‌లో ఇది ఇంకా ముందే మొదలవుతుంది. వడగట్టిన నీటిలో గ్లూకోజ్ ఎక్కువ కాబట్టి గొట్టం తొలి భాగం దాన్ని లాగుతూ, దానితో జంటగా సోడియాన్నీ లాగేస్తుంది. కింద మ్యాక్యులా డెన్సా అనే కణాలు తమ దాకా సోడియం తక్కువ వచ్చిందని చూసి, వడపోత తగ్గిందనుకుని ముందు కుళాయి తెరుస్తాయి. ఫలితంగా షుగర్ తొలి ఏళ్లలో ఈజీఎఫ్‌ఆర్ మామూలు కన్నా పెరిగి కూడా కనిపించవచ్చు. దాన్ని చూసి కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయనుకుంటారు. అప్పటికే లోపల పొర మందమవుతూ ఉంటుంది. తర్వాత మూత్రంలో ఆల్బుమిన్, ఆ తర్వాత వడపోత పతనం.

అధిక రక్తపోటు చిన్న ధమనుల గోడలను మందం చేసి లోపలి దారి ఇరుకు చేస్తుంది. రక్తం అందని గ్లొమెరులస్ ముడుచుకుపోతుంది. కిడ్నీ పాడైతే మళ్లీ బీపీ పెరుగుతుంది. ఏది ముందు వచ్చిందో తేల్చడం ఒక్కోసారి కష్టమే, రెంటికీ వైద్యం ఒకేసారి నడవాలి.

మిగతా కారణాలు క్లుప్తంగా. పాలీసిస్టిక్ కిడ్నీ జబ్బు వంశంలో నడుస్తుంది, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికి వచ్చే అవకాశం సగం. ఐజీఏ నెఫ్రోపతి, లూపస్ వంటివి రోగనిరోధక వ్యవస్థ గ్లొమెరులస్ మీద దాడి చేయడం వల్ల వస్తాయి. చిన్నపిల్లల్లో మూత్రం కవాటం దాటి వెనక్కి కిడ్నీలోకి తన్నడం, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్లు రావడం మచ్చలకు దారితీస్తుంది. ఎండలో గంటల తరబడి నీరు లేక శ్రమపడటం పదేపదే జరిగితే గొట్టాలు దెబ్బతింటాయి.

ల్యాబ్‌బల్ల
పైన చెప్పిన ఆల్బుమిన్ పరీక్ష దగ్గర కాస్త ఆగాలి. క్రియాటినిన్ చేయించేవారిలో చాలామంది దీన్ని చేయించరు. తొందరగా బయటపెట్టేది మాత్రం ఇదే.

పేరు ఏసీఆర్, అంటే మూత్రంలో ఆల్బుమిన్‌కీ క్రియాటినిన్‌కీ నిష్పత్తి. గ్రాము క్రియాటినిన్‌కి 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే పరవాలేదు. 30 నుంచి 300 మధ్య ఉంటే హెచ్చరిక. 300 దాటితే గట్టి ప్రమాదం. మామూలు మూత్రం పట్టీ పరీక్ష 30 దగ్గరి కొద్దిపాటి ఆల్బుమిన్‌ను పట్టుకోలేకపోవచ్చు. మూత్రం పలచగా ఉంటే మరీను.

పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం ఇవ్వండి. తొలి ధార వదిలి మధ్యది పట్టాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి, ముందురోజు గట్టి వ్యాయామం ఉంటే ఆ రోజు వద్దు, వీటన్నిటిలో అంకె తాత్కాలికంగా పెరుగుతుంది. ఎక్కువ వస్తే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చేయించి, మూడింట రెండుసార్లు ఎక్కువ ఉంటేనే నిర్ధారించుకోవాలి. టైప్ 2 షుగర్ తేలిన రోజు నుంచే ఏటా చేయించాలి. టైప్ 1 లో ఐదేళ్ల తర్వాత మొదలుపెట్టవచ్చు.

క్రియాటినిన్ 0.8, ఏసీఆర్ 400 ఉన్న మనిషికి కిడ్నీ జబ్బు ఉంది. ఇందులో సందేహం లేదు. మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇదే.

సందేహం
బీపీకి టెల్మిసార్టాన్ రాసిన రెండు వారాలకు క్రియాటినిన్ 1.3 నుంచి 1.6 కి పెరిగితే మందు కిడ్నీని పాడుచేసినట్టు కాదా? వెంటనే ఆపేయాలి కదా?

మందులమాట
ఆపకూడదు. ఈ భయంతో చాలామంది తమకు బాగా పనికొచ్చే మందును దూరం చేసుకుంటున్నారు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వెనక కుళాయిని వదులు చేస్తాయి. గ్లొమెరులస్ లోపల ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే వడపోత కాస్త తగ్గి క్రియాటినిన్ కొంచెం పెరగడం సహజం. అదే ఒత్తిడి తగ్గడం వల్ల ఆల్బుమిన్ పోవడం తగ్గుతుంది, నెఫ్రాన్లు ఎక్కువ కాలం బతుకుతాయి. మొదటి నాలుగు వారాల్లో 30 శాతం లోపు పెరుగుదలను ఒప్పుకుంటారు. 1.3 నుంచి 1.6 అంటే 23 శాతం. మందు కొనసాగిస్తూ మళ్లీ పరీక్ష చేయిస్తారు. 30 శాతం దాటితే మాత్రం ఒంట్లో నీరు తగ్గిందా, నొప్పి మాత్రలు వాడుతున్నారా, కిడ్నీ ధమని ఇరుకైందా అని వెతకాలి. మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం రెండూ చూడటం తప్పనిసరి. గర్భిణులకు ఈ మందులు పనికిరావు, గర్భం కావాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే గ్లిఫ్లోజిన్ మందులు మరో వైపు నుంచి అదే పని చేస్తాయి. గొట్టం తొలి భాగంలో గ్లూకోజ్‌ను, సోడియాన్ని లాగనివ్వవు. మ్యాక్యులా డెన్సాకి సోడియం అందుతుంది, ముందు కుళాయి కాస్త బిగుసుకుంటుంది. 2020లో వచ్చిన డాపా-సీకేడీ పరీక్షలో షుగర్ లేని కిడ్నీ రోగులకు కూడా మేలు కనబడింది. వీటితోనూ మొదట ఈజీఎఫ్‌ఆర్ కొద్దిగా దిగి తర్వాత నిలకడగా ఉంటుంది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ లాంటి నొప్పి మాత్రలు ముందు కుళాయిని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి. ఒంట్లో నీరు నిండుగా ఉన్న యువకుడు రెండు రోజులు వాడితే సాధారణంగా ఏమీ కాదు. కానీ బీపీకి టెల్మిసార్టాన్ లాంటిది, దానికి తోడు మూత్రం ఎక్కువ చేసే మాత్ర వాడుతున్నవారు నొప్పి మాత్ర కూడా వేసుకుంటే? నీటి మాత్ర రక్తం పరిమాణం తగ్గిస్తుంది, నొప్పి మాత్ర ముందు కుళాయి బిగిస్తుంది, బీపీ మందు వెనకది వదిలేస్తుంది. వడపోత ఒత్తిడి అమాంతం కూలిపోతుంది. ఈ మూడూ కలిసి వాడటం కన్నా తేలిగ్గా ఆపగలిగిన కిడ్నీ ప్రమాదం మరొకటి లేదని నా అభిప్రాయం.

పారాసిటమాల్ ఇలా చేయదు, మోతాదు మించకుండా వాడుకోవచ్చు. గుండె కోసం రాసే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను ఈ భయంతో ఆపేయకండి.

వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు నిలవని రోజుల్లో పై బీపీ మందులు, నీటి మాత్రలు, గ్లిఫ్లోజిన్లు, మెట్‌ఫార్మిన్ తాత్కాలికంగా ఆపి, మామూలుగా తింటూ తాగుతూ ఉన్న ఒకటి రెండు రోజులకు తిరిగి మొదలుపెట్టమని చాలామంది డాక్టర్లు చెబుతారు. ఏవి ఆపాలో ముందే రాయించుకుని పెట్టుకోండి. గుండె బలహీనంగా ఉన్నవారు ఈ విషయంలో సొంత నిర్ణయం తీసుకోకూడదు. మెట్‌ఫార్మిన్ సంగతి మరొకటి: ఈజీఎఫ్‌ఆర్ 45 లోపుకొస్తే మోతాదు తగ్గిస్తారు, 30 లోపైతే ఆపేస్తారు.

పేరూ ఊరూ లేని మూలికల పొడులు కూడా ఈ జాబితాలోనివే. అరిస్టోలోకియా జాతి మొక్కల్లోని ఆమ్లం గొట్టాలను శాశ్వతంగా పాడుచేయడమే కాక మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన మందుల్లో ఇది కలిసి ఎందరో కిడ్నీలు పోగొట్టుకున్నారు. పాదరసం కలిసిన మందుల వల్ల మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోయే జబ్బు వస్తుంది. లోపల ఏముందో సీసా మీద రాయని మందు వేసుకోవద్దు.

సందేహం
రోజూ నాలుగైదు లీటర్ల నీళ్లు తాగితే కిడ్నీలు శుభ్రపడతాయంటారు. అదైనా నిజమేనా?

నెఫ్రాన్
రోజూ తయారయ్యే వ్యర్థాలన్నీ బయటికి పంపడానికి ఆరోగ్యమైన కిడ్నీకి అర లీటరు మూత్రం చాలు, అంతగా చిక్కబరచగలదు. ఎక్కువ తాగితే అవే వ్యర్థాలు ఎక్కువ నీటిలో పోతాయి, అదనంగా కడిగేదేమీ ఉండదు. మూడో దశ రోగులతో రోజూ అదనంగా నీళ్లు తాగించి చూసిన ఒక పరీక్ష 2018లో వెలువడింది, ఏడాది తర్వాత ఈజీఎఫ్‌ఆర్ పతనంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దాహానికి తగ్గట్టు, మూత్రం లేత పసుపులో ఉండేట్టు తాగితే సరిపోతుంది. కాళ్లవాపు, గుండె బలహీనత, మూత్రం తగ్గిపోయిన దశ ఉన్నవారికి నీళ్లు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, రక్తంలో సోడియం పడిపోతుంది.

రాళ్లపని
రాళ్లు ఉన్నవారికి మాత్రం లెక్క వేరు. వారు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి. తాగేదాన్ని కాక వచ్చేదాన్ని కొలవాలి, ఎండ, చెమటను బట్టి తాగాల్సినది మారుతుంది. పడుకునే ముందు కూడా తాగడం ముఖ్యం, రాత్రి మూత్రం చిక్కబడినప్పుడే స్ఫటికాలు కడతాయి.

ఎక్కువ రాళ్లు కాల్షియం ఆక్సలేట్‌వి. కాల్షియం అని పేరు ఉందిగదా అని కాల్షియం ఉన్న ఆహారం మానేయడం పెద్ద పొరపాటు. భోజనంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంలో పంపేస్తుంది. అది లేకపోతే ఆక్సలేట్ రక్తంలోకి చేరి మూత్రంలోకి వస్తుంది. రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఆహారంలో ఉండాలి. ఉప్పు తగ్గించాలి, ఎందుకంటే సోడియం మూత్రంలోకి పోతూ కాల్షియాన్ని వెంటబెట్టుకు పోతుంది. ఎక్కువ మోతాదు విటమిన్ సి మాత్రలు ఆక్సలేట్‌ను పెంచుతాయి.

యూరిక్ యాసిడ్ రాళ్లు మూత్రం పీహెచ్ 5.5 లోపు ఉన్నప్పుడు కడతాయి. మామూలు ఎక్స్‌రేలో కనిపించవు, సీటీలో కనబడతాయి. పొటాషియం సిట్రేట్‌తో పీహెచ్ 6.5 దాకా తెస్తే కరిగిపోతాయి కూడా, అందుకే పడిన రాయిని పారేయకుండా పరీక్షకు ఇవ్వండి.

5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో మూడింట రెండు వంతులు వాటంతట అవే పడిపోతాయి. 10 దాటితే సాధారణంగా తీయించాల్సిందే. రాయి అడ్డుపడి ఉండగా చలిజ్వరం వస్తే అది అత్యవసరం, గంటల్లో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. అప్పుడు ముందు స్టెంటుతోనో గొట్టంతోనో మూత్రానికి దారి ఇస్తారు, రాయి సంగతి తర్వాత.

అసలు ప్రశ్నకు సంబంధించి ఒక మాట. రాయి ఒక వైపు నాళాన్ని మూసేసి నొప్పి తగ్గిపోయాక, ఆ కిడ్నీ నెలల తరబడి ఉబ్బి మెల్లగా చచ్చిపోవచ్చు. రెండోది భారం మోస్తుంది కాబట్టి క్రియాటినిన్ నార్మల్‌గానే ఉంటుంది. నొప్పి పోయింది, రిపోర్టు బాగుంది అని వదిలేయకుండా రాయి పడిందో లేదో స్కానింగ్‌తో చూసుకోవాలి. పెద్ద వయసు మగవారిలో ప్రోస్టేట్ పెరిగి మూత్రం నిలిచిపోతే రెండు కిడ్నీలూ ఒకేసారి దెబ్బతింటాయి.

చదువరి
లక్షణాలు చూసి కనిపెట్టలేమా? నడుం నొప్పి వస్తే కిడ్నీయేనని చాలామంది కంగారుపడతారు.

నెఫ్రాన్
వంగితే, లేస్తే పెరిగే నడుం నొప్పి ఎక్కువసార్లు కండరాలది, వెన్నుది. షుగర్, బీపీ వల్ల పాడయ్యే కిడ్నీ నొప్పి పెట్టదు. నాలుగో దశ దాకా ఏ లక్షణమూ లేకుండా నడిచేవారు ఎందరో.

చూసుకోవాల్సినవి: మూత్రంలో, నీళ్లు పోసినా త్వరగా పోని నురగ రోజూ వస్తుంటే ఏసీఆర్ చేయించండి. పొద్దున కళ్ల చుట్టూ, సాయంత్రం పాదాల్లో వాపు. రాత్రిళ్లు మూత్రానికి ఎక్కువసార్లు లేవడం. మూత్రం ముదురు గోధుమ రంగుకు తిరగడం. గొంతు నొప్పితోపాటే లేదా ఒకటి రెండు రోజుల్లో ఆ రంగు వస్తే ఐజీఏ నెఫ్రోపతి, గొంతు నొప్పి తగ్గిన ఒకటి నుంచి మూడు వారాలకు వస్తే స్ట్రెప్టోకాకస్ తర్వాతి వాపు అయ్యే అవకాశం ఎక్కువ. వాంతి, దురద, నోట్లో చెడు రుచి, ఆయాసం బాగా ముదిరాక వచ్చేవి.

హఠాత్తుగా వచ్చే దెబ్బ వేరు. 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా, ఆరు గంటల పాటు కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తక్కువ మూత్రం వచ్చినా దాన్ని తీవ్రమైన దెబ్బగా లెక్కిస్తారు. 60 కిలోల మనిషికి ఆరు గంటల్లో 180 మిల్లీలీటర్ల లోపు. ఇందులో చాలావరకు కోలుకుంటారు, కానీ మూడు నెలలకు క్రియాటినిన్, ఏసీఆర్ మళ్లీ చూడాలి. ఈ దశలో ఈజీఎఫ్‌ఆర్ లెక్క పనికిరాదు, అది అంకె నిలకడగా ఉన్నప్పటికే.

పథ్యం
కిడ్నీ పత్యం అందరికీ ఒకటే అని పంచే జాబితాలను నమ్మకండి. దశను, రక్తంలోని అంకెలను బట్టి మారుతుంది.

ఉప్పు తగ్గించడం మాత్రం అందరికీ. రోజుకు 5 గ్రాములు, అంటే సోడియం 2 గ్రాములు. నిల్వ పదార్థాల్లో దాగిన ఉప్పు కలిపే ఈ లెక్క. ఉప్పు ఎక్కువైతే పైన చెప్పిన బీపీ మందులు ఆల్బుమిన్‌ను తగ్గించే శక్తి కూడా పడిపోతుంది.

సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో దాని బదులు ఉండేది పొటాషియం క్లోరైడ్. ఆరోగ్యవంతులకు మంచిదే. ఈజీఎఫ్‌ఆర్ తగ్గినవారికి, ముఖ్యంగా టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ అనే నీటి మాత్ర వాడేవారికి ప్రాణాంతకం కావచ్చు. పొటాషియం 6 దాటితే గుండె లయ తప్పుతుంది. రక్తంలో పొటాషియం ఎక్కువ ఉందని తేలితేనే పళ్లు, దుంపలు తగ్గించాలి. ముక్కలు కోసి ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత పోతుంది.

ప్రొటీన్ మూడో దశ నుంచి డయాలసిస్ ముందు దాకా కిలోకు 0.8 గ్రాములు, 60 కిలోలకు 48. అంతకన్నా బాగా తగ్గించి కండ కరిగించుకుంటే క్రియాటినిన్ దిగి జబ్బు తగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి మనిషి నీరసిస్తున్నాడు. డయాలసిస్ మొదలయ్యాక ఒకటి నుంచి 1.2 గ్రాములకు పెంచాలి, అక్కడ ప్రొటీన్ పోతుంది కాబట్టి. నిల్వ కోసం కలిపే ఫాస్ఫేట్లు దాదాపు పూర్తిగా ఒంటికి పడతాయి, గింజల్లోవి సగం కూడా పట్టవు. అందుకని ముందు మానాల్సింది నిల్వ పదార్థాలను.

సందేహం
నాలుగో దశలో ఉన్నవారు డయాలసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలి? ముందే మొదలుపెడితే మంచిదా?

శుద్ధియంత్రం
ముందే మొదలుపెడితే ఆయుష్షు పెరగదని 2010లో ఐడియల్ అనే పరీక్షలో తేలింది. అంకె ఒక్కటే చూసి మొదలుపెట్టరు. మందులకు లొంగని పొటాషియం, ఊపిరితిత్తుల్లో నీరు, తినలేనంత వికారం, మత్తు, గుండె పొర వాపు లాంటివి చూసి నిర్ణయిస్తారు. ముందుగా చేయాల్సింది ఏర్పాట్లు. మార్పిడికి దాత ఉంటే డయాలసిస్ అవసరం రాకముందే చేయించుకోవడం అన్నిటికన్నా మేలు.

హీమోడయాలసిస్ మామూలుగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. దానికి చేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్టులా వేస్తారు. అది గట్టిపడి సూదికి పనికొచ్చేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే ఈజీఎఫ్‌ఆర్ 15 నుంచి 20 మధ్య ఉన్నప్పుడే శస్త్రవైద్యుడికి చూపించాలి. ఆలస్యమైతే మెడలో గొట్టం పెట్టాల్సివస్తుంది, ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం అక్కడి నుంచే. పొట్ట డయాలసిస్‌లో రోజుకు నాలుగుసార్లు రెండేసి లీటర్ల ద్రవం మార్చుకుంటారు, ఇంట్లోనే చేసుకోవచ్చు.

రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువంతా నీరే. గంటకు కిలోకు 13 మిల్లీలీటర్ల కన్నా వేగంగా తీస్తే గుండెకు హాని. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో అది మూడు లీటర్ల పైచిలుకు. అంతకు మించి పెరిగి వస్తే సమయం పెంచాలి, వేగం పెంచకూడదు.

చదువరి
ఫిస్టులా వేయకముందు చేతి విషయంలో ఏమైనా జాగ్రత్త ఉందా?

శుద్ధియంత్రం
ఉంది, మూడో దశ చివరి నుంచే మొదలుపెట్టాలి. కుడిచేతి వాటం వారు ఎడమ ముంజేతిలో, మోచేతి మడతలో సూదులు, సెలైన్ పెట్టించుకోకూడదు. రక్తం తీయాలన్నా, సెలైన్ ఎక్కించాలన్నా అరచేతి వెనక వైపు సిరలు చూపించండి. ఆసుపత్రిలో చేరినప్పుడు ఈ సంగతి ముందుగా మీరే చెప్పాలి. ఫిస్టులా వేశాక ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, బిగుతైన గాజులు, గడియారం వద్దు, ఆ చేయి తలకింద పెట్టుకుని పడుకోవద్దు. రోజూ పొద్దున వేళ్లు ఆనించి చూస్తే సన్నగా అదురుతూ ఉండాలి. అదురు ఆగిపోతే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే చూపించాలి. ఒకటి రెండు రోజుల్లోపైతే దాన్ని తెరిచే అవకాశం ఉంటుంది.